నకలు వేఱు, నిక్షేపము వేఱు

"మా ఈమెయిలు సర్వరునకు మూడు నకళ్లు గలవు; ఇక బ్యాకప్పు ఎందులకు?" అని ప్రశ్నించువారు మన కార్యాలయములందు నానాటికి హెచ్చుచున్నారు. ఈ ప్రశ్న వినుటకు ఇంపుగ నున్నది. ఖర్చు తగ్గించునదిగ గూడ నున్నది. కాని దీని వెనుక నున్న భ్రమ మిక్కిలి ప్రమాదకరమైనదని మేము నిస్సంశయముగ చెప్పుచున్నాము. నకలు వేఱు, నిక్షేపము వేఱు. ఈ భేదము నెఱుగని కార్యాలయము ప్రజల యుత్తరములను గాలిలో దీపముగ పెట్టినదే యగును.

నకలు పనిచేయు విధమును ముందుగ విచారింతము. మన వర్తకులకు చిట్టా, ఆవర్జా తెలియనివి కావు. వచ్చిన ప్రతి జాబును, చెఱిపిన ప్రతి జాబును సర్వరు మొదట చిట్టా కెక్కించును. పిదప ఆవర్జాలో, అనగా డేటాబేసులో, చేర్చును. మైక్రోసాఫ్టువారి ఎక్స్చేంజి సర్వరు 2010 మొదలుకొని, పదునాఱు సర్వరుల వఱకు ఒక గుంపుగ గూర్చి, ఈ చిట్టాలను ఒకదాని నుండి తక్కినవానికి పంపు పద్ధతి యేర్పడినది. అవి తమ ప్రతులలో ఆ పద్దులనే మరల వ్రాసికొనును. ఒక యంత్రము పడిపోయినచో మఱియొకటి వెంటనే లేచి పని సాగించును. ఇది మెచ్చదగిన యేర్పాటే. దీనిని మేము నిందింపము.

కాని యంత్రము పడిపోవుట యొక్కటియేనా ఆపద? గుమాస్తా పొరపాటున వేయి జాబులు చెఱిపివైచిన ఆ చెఱుపుటయు చిట్టా కెక్కును. ఆ చిట్టా విశ్వాసపాత్రుడైన బంటువలె మూడు ప్రతులకును పోవును. పిమ్మట మూడును ఏకకంఠముతో "ఆ జాబులు లేవు" అని పలుకును. ముఖమునకు మసి పూసికొన్నవాడు అద్దములు మూడు తెచ్చి చూచుకొన్నను మసియే కదా కనబడును!

"మూడు ప్రతులున్నచో పాతరీతి బ్యాకప్పు లేకున్నను జరుగునని తయారుచేసినవారే చెప్పినారు" అని కొందఱు వాదింతురు. నిజమే, కాని వారు చెప్పిన షరతులను ఈ వాదులు చదివిరా? చెఱిపిన జాబులను కొంతకాలము దాచి యుంచవలెను. ఒక ప్రతిని కావలెనని వెనుకబడి నడచునట్లు చేయవలెను. ఆ వెనుకబాటునకు గరిష్ఠపరిమితి 14 దినములు. పదునైదవ దినమున బయటపడిన తప్పునకు ఏది శరణ్యము? ఆ ప్రతులన్నియు ఒకే అధికారి తాళపుచెవికి లోబడినవి గదా. ఆ తాళపుచెవి దొంగచేత బడినచో గతి యేమి?

ఇవి ఊహామాత్రపు భయములు కావు. 2011 ఫిబ్రవరిలో జీమెయిలు వాడువారిలో నూటికి 0.02 వంతు మంది తమ జాబులు మాయమగుట చూచి నిర్ఘాంతపోయిరి. గూగులువారికి నకళ్లు లేకనా? అనేక స్థలములలో అనేక ప్రతులు గలవు. క్రొత్తగ చేర్చిన సాఫ్టువేరులోని దోషము ఆ ప్రతులనే తాకెను. తుదకు ఆదుకొన్న దేది? ఏ తీగకును తగుల్కొనక వేఱుగ నున్న టేపులు! మన దేశముననే, 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీ ఎయిమ్స్ సర్వరులపై దాడి జరిగినప్పుడు, దాడికి లోనుగాని బ్యాకప్పు సర్వరు నుండియే ఈ-హాస్పిటల్ సమాచారము తిరిగి లభించెను.

అయితే బ్యాకప్పు కలదని నిశ్చింతగ నిద్రించుటయు తగదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబు సంస్థలో ఒక పనివాడు పొరపాటున ప్రధాన డేటాబేసును చెఱిపివైచెను. వెదకిచూడగా నిత్యము జరుగుచున్నదనుకొన్న బ్యాకప్పు జరుగనేలేదు. అది విఫలమగుచున్నదని తెలుపవలసిన ఈమెయిళ్లు గమ్యము చేరకయే త్రోసివేయబడినవి! ఆఱు గంటలనాటి ప్రతి యొకటి యుండుటచే తక్కినది దక్కెను. ఆ సంస్థ తన లోపమును దాచక లోకమునకు వెల్లడించినది. మనలో నెందఱికి ఆపాటి ధైర్యము గలదు?

నిక్షేపమును తిరిగి తెచ్చుటయు ఒక విద్యయే. డామినో సర్వరునందు చెఱిపిన జాబు స్థానమున ఒక గుర్తు మిగులును. పాత ప్రతిని తెచ్చి అదే గుర్తింపుసంఖ్యతో తక్కిన ప్రతుల నడుమ నిలిపినచో, ఆ గుర్తు వచ్చి, బ్రదికించిన జాబును మరల చంపును. ఎక్స్చేంజిలో మొత్తము డేటాబేసును పునరుద్ధరింపవలెనన్న ముందుగ నకళ్ల రాకపోకల నాపి, పిదప వానిని క్రొత్తగ నింపవలెను. కొన్ని జాబులే కావలసినచో వేఱొక డేటాబేసులోనికి దించి వానిని మాత్రమే యెత్తుకొనవలెను. ఆపద నెత్తిపై బడిన రాత్రి ఈ పాఠము నేర్చుకొందమనుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుటయే.

ఈమెయిలు నేడు కబుర్ల కాగితము కాదు. పింఛనుదారుని యర్జీ అందున్నది. టెండరు నిర్ణయము అందున్నది. విద్యార్థి భవిష్యత్తు అందున్నది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ఎలక్ట్రానికు రికార్డును న్యాయస్థానమున సాక్ష్యముగ నంగీకరించుచున్నది. ఆ సాక్ష్యము నశించిన నష్టపోవునది సర్వరు గాదు, సామాన్యుడు.

కావున పురపాలక సంఘములను, సహకార బ్యాంకులను, విద్యాలయములను మేము కోరునది మూడే: సర్వరులతో సంబంధము లేని ఒక ప్రతిని వేఱు చోట, వేఱు వ్యక్తి యధీనమున నుంచుడు. మూడు నెలల కొకసారి దానిని నిజముగ తిరిగి తెచ్చి, ఎన్ని గంటలు పట్టెనో, ఎన్ని జాబులు పోయెనో వ్రాసి యుంచుడు. ఆ వ్రాతను అధ్యక్షుని బల్లపై పెట్టుడు. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్పు బ్యాకప్పు కాదు; అది యొక ఆశ మాత్రమే. ప్రజల కాగితములను ఆశపై నిలుపు హక్కు ఏ యధికారికిని లేదు.