గిటార్ ఒకటి, పెడళ్లు ఆరు: మరి వాయించేది ఎప్పుడు?



పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక గేటు దగ్గర నిలబడి మనం మాట్లాడుకునే మాటల్లో ఈ మధ్య కొత్తది ఒకటి చేరింది: "మీ వాడు కూడా పెడళ్లు కొంటున్నాడా?" కరీంనగర్‌లో నేను విన్న మాటే ఆదిలాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా చెప్పింది. ఆరో తరగతి సెలవుల్లో నాలుగైదు వేలు పెట్టి మామూలు గిటార్ కొంటాం. ఎనిమిదికి వచ్చేసరికి ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటారు. అది వచ్చాక ఇక ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి దసరాకూ ఒక డబ్బా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెడల్ అంటే అరచేయంత లోహపు డబ్బా. గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్య వైరుతో కలుపుతారు, కాలితో నొక్కితే పనిచేస్తుంది. ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. డిస్టార్షన్ పెడల్ గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచి, దాని కొనలు కత్తిరించి, గరగరలాడే శబ్దం తెస్తుంది. డిలే అన్న మాటనే మళ్లీ అంటుంది. రివర్బ్ పెడితే ఖాళీ ఫంక్షన్ హాల్లో వాయించినట్టు ఉంటుంది. కోరస్ ఒక గిటార్‌ను రెండు గిటార్లలాగా వినిపిస్తుంది. ఒక్క డబ్బాకు ఒక్క పని కాబట్టి ఒకటి కొన్నాక రెండోది గుర్తొస్తుంది. అన్నీ వరసగా పెట్టుకోవడానికి ఒక బోర్డు, వాటిని కలపడానికి పొట్టి వైర్లు, కరెంటుకు ఇంకో పెట్టె.

కొత్తవి ఒక్కోటి మూడు వేల నుంచి పాతిక వేల దాకా ఉంటాయి. అందుకే పిల్లలు పాతవాటి వెంట పడతారు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ అయిపోయి అమెరికా విమానం ఎక్కబోయే అన్నయ్య ఎవరో సామాను అమ్మేస్తున్నాడంటే వీళ్లకు పండగే. ఆదిలాబాద్ పిల్లలకు హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ అంతకన్నా దగ్గర. ఆస్పత్రి పని మీదో పెళ్లి బట్టలకో నాగ్‌పూర్ వెళ్లే బాబాయి చేతికి ఒక చీటీ వెళ్తుంది. "మమ్మీ, సగం రేటుకే వస్తోంది, ఇప్పుడు తీసుకోకపోతే పోతుంది." ఈ మాట మీ ఇంట్లో ఇంకా వినకపోతే త్వరలో వింటారు.

ఈ వేటలో చదువు లేదని నేను అనను. మా వాడు తొమ్మిదో తరగతి. వాడి బోర్డు మీద ఆరు డబ్బాలున్నాయి. డయోడ్ పాఠం మన పిల్లలకు ఇంటర్‌లో వస్తుంది. డిస్టార్షన్ పెడల్ విప్పి చూసిన పిల్లవాడికి అది ఇప్పుడే పరిచయం. అడాప్టర్ మీద వోల్టులు, మిల్లీఆంపియర్లు చదవడం వచ్చింది. అమ్మేవాడికి ఇంగ్లీషులో నాలుగు లైన్లు మర్యాదగా రాసి, ఐదొందలు తగ్గించమని అడగడం వచ్చింది. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఇంత ఫలితం నేను చూడలేదు. కాబట్టి "పిచ్చి డబ్బాలు, పనికిమాలిన ఖర్చు" అని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను.

కానీ వాడి రోజును ఒకసారి గడియారం పెట్టి చూడండి. మీ పిల్లల రోజు కూడా ఇంతే. ఉదయం ఏడున్నరకు బస్సు. స్టడీ అవర్ అయి ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. తర్వాత హోంవర్క్, భోజనం, ఐఐటీ ఫౌండేషన్ షీట్లు. పది దాటాక ఒక అరగంట చేతికి చిక్కుతుంది. ఆ అరగంటలో ఎలక్ట్రిక్ గిటార్ మోగిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. ఫోన్ పట్టుకుని పాత పెడళ్ల ఫొటోలు చూస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. వాయించే గంట పోయింది, గిటార్ మీద ఇష్టం మాత్రం అలాగే ఉంది. అది కొనడం వైపు తిరిగింది. పిల్లల్లో పొదుపు లేకపోవడం కన్నా, వాళ్లకు వాయించే వేళ లేకపోవడమే ఈ కొనుగోళ్ల వెనక ఉన్న అసలు కారణమని నా అభిప్రాయం.

ఇది పిల్లలకే వచ్చే జబ్బు కూడా కాదు. ప్రపంచమంతా గిటారిస్టులు దీనికి నవ్వుతూ ఒక పేరు పెట్టుకున్నారు: గేర్ అక్విజిషన్ సిండ్రోమ్, పొడి అక్షరాల్లో గ్యాస్. మన గ్యాస్ సిలిండర్ కన్నా ఇదే త్వరగా అయిపోయి, మళ్లీ బుక్ చేయిస్తుంది. అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి క్లాన్ సెంటార్ అనే పెడల్ చేత్తో తయారు చేసి అమ్మారు. మొత్తం సుమారు 8,000 మాత్రమే చేశారు. లోపలి సర్క్యూట్ ఎవరికీ కనపడకుండా దాని మీద గట్టిపడే జిగురు పోశారు. ఇక చూడండి, ఆ రహస్యమే దాని రేటు పెంచింది. ఇప్పుడు పాతది ఒక్కటి వేల డాలర్లు పలుకుతోంది. తర్వాత ఆయన తెచ్చిన కొత్త రకం పేరు కేటీఆర్ (మన సిరిసిల్లకూ దానికీ సంబంధం లేదు). ఈ అర్థంలేని హడావిడి నేను పుట్టించింది కాదు, గుర్తుంచుకోండి అనే అర్థం వచ్చే మాట దాని మీదే అచ్చువేయించారు. ఇంకో వైపు, బాస్ కంపెనీ 1978లో తెచ్చిన డీఎస్-1 అనే నారింజరంగు డబ్బా ఇప్పటికీ తయారవుతోంది, చవక పెడళ్లలో ఒకటి. నిర్వాణ బ్యాండు కర్ట్ కొబేన్ వాడినది అదే. మీ వాడు "ఇది చవకది, మంచిది కాదు" అంటే ఈ సంగతి చెప్పి చూడండి.

మనల్ని మనం చూసుకుంటే కూడా నవ్వొస్తుంది. ఒలింపియాడ్ పుస్తకాలు, వేదిక్ మ్యాథ్స్ కిట్లు, ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టిన యాప్‌లు మన ఇళ్లలో ఎన్ని? కొన్న రోజు సగం సిలబస్ అయిపోయినంత హాయిగా ఉంటుంది. పిల్లవాడికి పెడల్ వచ్చిన రోజు అలాగే ఉంటుంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారి సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. ఆరేళ్ల వయసులో, తండ్రి సత్యనారాయణ గారు ఇంట్లో లేని సమయంలో ఆయన మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాయకులు. ఆయన పాడిన ప్రతి కీర్తననూ ఈ పిల్లవాడు మాండలిన్ తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశారు, అప్పటికి తొమ్మిదేళ్లు. తర్వాత ఆయన కూడా వాద్యం మార్చారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే తీగను లాగాలి, జంట తీగల మీద అది సరిగ్గా కుదరదు. అందుకని ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కు వెళ్లారు. చేతికి అడ్డం ఎక్కడ తగులుతోందో గంటల తరబడి వాయించాక తెలిసింది, అప్పుడు వస్తువు మారింది. మన పిల్లలు చాలామంది తీగ లాగడం సరిగ్గా రాకముందే కొత్త డబ్బా అడుగుతున్నారు, ఎందుకంటే అడ్డం ఎక్కడుందో తెలిసేంత సేపు వాళ్లు వాయించలేదు.

వాయించే వేళతో పాటు వినే మనుషులు కూడా కావాలి. ఇది ఆదిలాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రాజ్‌గోండుల దేవతల కథలు, వంశాల కథలు పాడేది పర్ధాన్లు. వాళ్ల చేతిలో ఉండేది కిక్రి: మూడు తీగలు, ఒక కమాను, అంతే. ఆ మూడు తీగల మీద ఒక జాతి జ్ఞాపకమంతా తరతరాలు నడిచింది. ఎలా నడిచింది? పర్ధాన్‌ను పిలిపించుకుని, కూర్చుని, పాడించుకునే గోండు కుటుంబాలు ఉన్నాయి కాబట్టి. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్లండి. అక్కడ వాద్యం ఎవరి గదిలోనూ బోర్డు మీద మెరుస్తూ ఉండదు, జనం మధ్యలో ఉంటుంది. పిలిచేవాళ్లు తగ్గిన చోట కిక్రి గోడకు చేరింది. ఎంత మంచి వాద్యమైనా అంతే.

సేకరించడమే తప్పని నేను అనడం లేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, ఆచార్య గూడూరు మనోజ గారు ఊళ్లు తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలు సేకరించి హైదరాబాద్‌లో ప్రదర్శనకు పెట్టారు. వాటిలో ఏది ఎవరి చేతిలోది, ఏ సందర్భానిది అన్న సంగతి కూడా ఆ సేకరణలో భాగమే. మన పిల్లవాడినీ అదే అడగొచ్చు. కొత్తది కావాలన్నప్పుడు "ఎంత?" అని మొదలుపెట్టకుండా "ఇప్పుడున్న ఆరింటిలో ఏది ఏ పాటకు వాడావు, వాయించు" అనండి. వాయిస్తే కూర్చుని వినండి. ఫోన్ పక్కన పెట్టి. అయిదు నిమిషాలే. మా ఇంట్లో ఈ ప్రశ్న తర్వాత రెండు డబ్బాలు అమ్మకానికి వెళ్లాయి, నేను అడగకుండానే.

పాత పెడల్ కొంటే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎదురుగా వాయించి చూశాకే డబ్బు ఇవ్వాలి. నాబ్‌లు తిప్పుతుంటే చిటపటమంటే చాలాసార్లు అది దుమ్మే, శుభ్రం చేయిస్తే పోతుంది. ధర తగ్గించమనడానికి మాత్రం మంచి కారణం. కాలితో నొక్కే స్విచ్ పది సార్లు నొక్కించండి. అడాప్టర్ విషయంలో జాగ్రత్త: ఎక్కువ పెడళ్లకు 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగెటివ్ ఉండాలి. ఇంట్లో ఉన్న కీబోర్డు అడాప్టర్ తెచ్చి గుచ్చితే డబ్బా కాలిపోయే అవకాశం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, మన ఫోన్ నుంచి ముందుగా డబ్బు పంపించమనేవాళ్లు. "నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, అర్జెంటుగా అమ్ముతున్నాను" అని ఐడీ కార్డు ఫొటో పంపేవాళ్లను అస్సలు నమ్మొద్దు. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని గానీ, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. పిల్లలు తమ పెడల్ అమ్మేటప్పుడు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఏదైనా జరిగితే వాళ్లను తిట్టడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపడం కష్టం.

రాత్రి పూట సమస్యకు ఒక మార్గం ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించే వీలున్న మల్టీ ఎఫెక్ట్ యూనిట్ పదివేల లోపు దొరుకుతుంది, అందులో పది పెడళ్ల పని ఉంటుంది. "అది నిజమైన శబ్దం కాదు" అని పిల్లలు ముక్కు చిట్లిస్తారు. పక్క ఫ్లాట్ వాళ్లకు వినపడకుండా అరగంట వాయించుకోవడానికి చాలు.

ఇక మన స్కూల్ యాజమాన్యానికి ఒక మాట. ఏడో తరగతి దాకా వారానికి రెండు మ్యూజిక్ పీరియడ్లు ఉన్నాయి. ఎనిమిదిలో ఒకటి. తొమ్మిదిలో ఒక్కటీ లేదు. సరిగ్గా పిల్లల చెయ్యి తిరిగే వయసులో తీసేశారు. పదో తరగతి మార్కుల ఆందోళన నాకూ ఉంది, నేనూ ఫీజు కడుతున్నాను. అయినా వారానికి 45 నిమిషాలు తీసుకుంటే ర్యాంకు పోతుందంటే ఆ ర్యాంకు మీద నాకు నమ్మకం తగ్గుతుంది. యాన్యువల్ డేకి లక్షలు పెట్టి డీజే సెట్టు తెస్తాం, పిల్లలు రికార్డు పాటకు డాన్సు చేస్తారు. అందులో పది నిమిషాలు వాళ్లే వాయించి, వాళ్లే పాడేందుకు ఇవ్వండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నేను అడగబోయేది ఇదే. తొమ్మిదో తరగతికి వారానికి ఒక పీరియడ్. ఒక గది, ఒక ఆంప్లిఫయర్, తాళం వేసుకునే ఒక బీరువా. లైబ్రరీ పుస్తకాల్లాగా పెడళ్లు రిజిస్టర్‌లో రాసుకుని వారం పాటు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మొదటగా మా వాడివి రెండు పెడతాం, వాడు ఒప్పుకున్నాడు. మీ ఇంట్లో వాడకుండా ఉన్నవి ఉంటే తీసుకురండి, అడాప్టర్ మాత్రం మరిచిపోవద్దు.