జిప్సం సరే, కడిగే నీళ్లేవి?

పడమటి కర్నూలు చౌడు భూములకు మందు దొరికిందట! ఫ్యాక్టరీల్లో మిగిలిన జిప్సం, బూడిద తెచ్చి చల్లితే ఆదోని, ఎమ్మిగనూరు పొలాలు పచ్చబడతాయట. చెప్పే పెద్దలను మేం ఒక్కటే అడుగుతున్నాం. అయ్యా, నీళ్లేవి?

మేం శాస్త్రానికి వ్యతిరేకులం కాదు. కారుచౌడులో సోడియం మట్టిని బిగదీస్తుంది. నీరు ఇంకదు, వేరు దిగదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను పక్కకు నెడుతుంది. ఇది నిజం. ఫాస్ఫేటు ఎరువుల తయారీలో ఒక టన్ను ఫాస్ఫారిక్ ఆమ్లానికి సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. ఇదీ నిజమే.

కానీ అసలు మాట దాస్తున్నారు. పక్కకు జరిగిన సోడియం ఎక్కడికి పోవాలి? మడి కట్టి, జిప్సం కలియదున్ని, నీళ్లు నిలగట్టి, ఆ ఉప్పునీటిని మురుగు కాలువలోకి వదలాలి. ఇక ఉప్పు తెల్లగా పేరుకునే పాలచౌడుకు జిప్సం అక్కరే లేదు, కడిగే నీళ్లే మందు. ఏ చౌడుకైనా నీళ్లు కావాలి, మురుగు పోయే దారి కావాలి.

ఆ నీళ్లెక్కడ? తుంగభద్ర దిగువ కాలువలో మన వాటా 24 టీఎంసీలు. కాగితం మీద! కర్ణాటక దాటి వచ్చేసరికి మన రైతుకు మిగిలేది ఎంత? 133 టీఎంసీలతో కట్టిన డ్యాం పూడికతో 105కు పడిపోయింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోతే నిండిన డ్యాం నీళ్లు కళ్లముందే నదిపాలయ్యాయి. కాలువ చివరి రైతుకు తడి అందదు, ఎగువ రైతుకు మురుగు పోదు. ఈ పొలంలో జిప్సం పోస్తే ఏమవుతుంది? మట్టిలో మట్టి!

ఇంకో మాట. ఫాస్ఫోజిప్సంలో ఫ్లోరైడు, కాడ్మియం, రేడియం ఉండొచ్చు. అమెరికాలో పొలానికి వాడాలంటే గ్రాముకు 10 పికోక్యూరీల రేడియం మించకూడదని హద్దు పెట్టారు. థర్మల్ బూడిదలో బోరాన్, భారలోహాలు ఉంటాయి. మరి మన పొలానికొచ్చే లారీని పరీక్షించేదెవరు? సీమ రైతు పొలం చెత్తకుప్పా?

సీమలో పండిన పత్తి, వేరుశనగ ఆదోని మార్కెట్ గుండా పోతాయి. మిల్లులో మిగిలే చెక్క, జిన్నింగు చెత్త కూడా వ్యర్థాలే కదా! వాటిని కుళ్లబెట్టి మన పొలానికే చేర్చే ఏర్పాటు ఏ పథకంలోనైనా ఉందా?

అందుకే మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ముందు మట్టి పరీక్ష, లారీ లారీకీ సరుకు పరీక్ష. మురుగు కాలువల తవ్వకం. దిగువ కాలువలో పూర్తి వాటా. ఆ తర్వాతే జిప్సం, అదీ రైతు పొలం గట్టు దాకా ఉచితంగా.

ఏటా సుగ్గికని గుంటూరు మిరప తోటలకు మూటలు కట్టుకుని పోతున్న కోసిగి, కౌతాళం పల్లెలకు కావలసింది ఎవరి బూడిదో కాదు, తమ వాటా నీళ్లు. దాన్ని భిక్షగా అడగం. హక్కుగా అడుగుతాం. మన నీళ్ల లెక్క మనమే రాసుకునే రోజు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.