చెయ్యి మంచిదట!

మన ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే డాక్టర్ల ప్రసక్తి రాకుండా వుండదు. పెళ్ళి పందిరి కానివ్వండి, శ్రావణమాసం పేరంటం కానివ్వండి, అటు తిరిగీ ఇటు తిరిగీ ఆ మాట వచ్చి తీరుతుంది. "మీరు ఎవరి దగ్గర చేయించుకున్నారండీ?" అంటుంది ఒకావిడ. "ఫలానా ఆయన దగ్గరండీ. చెయ్యి చాలా మంచిది" అంటుంది రెండో ఆవిడ. అంతే! అక్కడితో ఆ సర్జనుగారి యోగ్యతలన్నీ తేలిపోయినట్టే. మొదటి ఆవిడ మర్నాడే ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరుతుంది.

ఈ 'హస్తవాసి' అనే మాట మీద నాకు చాలా కాలంగా కోపం వుంది. ఈవేళ అది కాస్తా వెళ్ళగక్కుతాను, ఏమీ అనుకోకండి.

పెరట్లో కరివేపాకు మొక్క నాటాలన్నా, ఆవకాయ కలపాలన్నా చెయ్యి మంచిదో కాదో చూసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా అత్తగారు కలిపిన ఆవకాయ రెండేళ్ళయినా బూజు పట్టేది కాదు. కాని ఆవిడ కూడా చెయ్యిని నమ్ముకుని ఊరుకోలేదండీ. కాయ కొనేముందు ఒకటి పగలగొట్టించి, టెంక గట్టిపడిందో లేదో చూసి, పులుపు నోట్లో వేసుకుని చూసి, నాలుగు బళ్ళు తిరిగి మరీ తెచ్చేది. పాతిక కాయలకి పెట్టిన ఆలోచనలో పదోవంతు మన కడుపు కోసే మనిషి విషయంలో పెడుతున్నామా అని అడుగుతున్నాను.

అసలు చెయ్యి మంచిది అంటే అర్థం ఏమిటి? 'కోశారు, కుట్టారు, నేను బతికి ఇంటికొచ్చాను' అని. గర్భసంచి తీసే ఆపరేషన్‌లో ఈ రోజుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది పైగా బతికే వస్తారు. గొప్ప చెయ్యి అయినా ఇంటికి పంపుతుంది, సామాన్యమైన చెయ్యి అయినా పంపుతుంది. ఇంకో చిత్రం చెప్పనా? ఆపరేషన్ అవసరమే లేని ఆరోగ్యవంతురాలికి చేసిన ఆపరేషన్ అంత చక్కగా కుదిరేది మరొకటి వుండదు! రక్తం బాగుంటుంది, వయసు చిన్నది, లోపల చిక్కులుండవు, పుండు తొందరగా మానుతుంది. అదే నిజంగా ముదిరిన జబ్బుతో వచ్చిన మనిషిని ముట్టుకున్న సర్జనుకి ఎంత నేర్పు వున్నా ఒకటి అరా తేడాలు వస్తాయి. అంటే ఏమయింది? అక్కర్లేని వాళ్ళందరికీ కోసిన ఆయన 'చెయ్యి మంచిది' అయింది. కష్టమైన కేసులు మీద వేసుకున్నావిడ పేరు పాడయింది. మనం పేరంటాల్లో పంచిపెట్టుకునే సర్టిఫికెట్ల విలువ ఇదండీ.

ఇదేదో నా ఊహ అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని కేంద్రప్రభుత్వం వాళ్ళు చేస్తారు. 2015-16లో మొదటిసారి అందులో గర్భసంచి తీయించుకున్నారా అని ఆడవాళ్ళని అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో దేశం మొత్తం మీద తీయించుకున్నవారు నూటికి 3.2 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగువాళ్ళవే! దేశవ్యాప్తంగా చూస్తే ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో అయినవే. తెలుగు ఆడవాళ్ళకి మాత్రం దేవుడు నాసిరకం గర్భసంచులు పెట్టి పంపించాడా ఏమిటి?

ఆమధ్య మా పిన్ని కూతురికి తోడుగా ఒక నర్సింగ్ హోముకి వెళ్ళాను. అక్కడి సర్జనుగారిదీ మంచి చెయ్యేనట. హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. నా పక్కన ఒకమ్మాయి, పల్లెటూరినించి వచ్చింది. కొంగుతో విసురుకుంటూ వుంది, పైన ఫ్యాను తిరుగుతున్నా సరే.

"ఈయన చెయ్యి దేవుడి చెయ్యమ్మా!" అంది తనే మాట కలిపి. "మా అత్తకి, మా తోడికోడలికి, నాకు, ముగ్గురికీ ఈయనే తీశారు. ఒక్కళ్ళకి చీము పట్టలేదు."

"నీకు దేనికి తీశారమ్మా?"

"తెల్లబట్ట అవుతుంటే మా ఊరి ఆరెంపీ తీసుకొచ్చాడు. వుంచుకుంటే కేన్సరు అవుద్దన్నారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది?"

"అండాశయాలు వుంచారా, అవి కూడా తీసేశారా?"

"అయ్యేంటమ్మా?" అంది.

వయసు ముప్ఫయ్యారుట. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది, చెయ్యి మంచిది కదా మరి.

'దాంతో పనేముంది' అన్న ఆ మాట ఆ పిల్ల సొంత మాట కాదండీ. ఎవరో ఆమె నోట్లో పెట్టిన మాట. సంచి అని పేరు పెట్టినందుకు, బజారు సంచీ చిరిగితే విసిరేసినట్టే అనుకుంటున్నారు కాబోలు! తెల్లబట్టకి చాలాసార్లు మందులతోనే సరిపోతుంది, కోత అక్కర్లేదు. ఫైబ్రాయిడ్లనే గడ్డలు కేన్సరు అయ్యేది చాలా అరుదు. ముట్లు ఆగిపోయే వయసు వస్తే అవే కుంచించుకుపోవడం కద్దు. ఎక్కువ రక్తస్రావానికి బిళ్ళలున్నాయి, కొన్నేళ్ళపాటు పనిచేసే హార్మోను లూపు వుంది, కావాలంటే గడ్డని మాత్రమే తీసే ఆపరేషన్ వుంది. ఒక్కోసారి దోషం థైరాయిడ్‌లో వుంటుంది, శిక్ష మాత్రం గర్భసంచికి! ఇక ముప్ఫయ్యారేళ్ళకి అండాశయాలు కూడా తీసేస్తే, ఎన్నో ఏళ్ళ తర్వాత మెల్లగా రావలసిన మార్పు ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. ఎముకలూ గుండే దాని ఫలితం అనుభవిస్తాయి.

అలాగని ఆపరేషన్ అంటేనే పారిపొమ్మని నేను చెప్పడం లేదు. ముట్లాగిపోయాక మళ్ళీ ఎర్రబట్ట కనిపించినా, భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనిపించినా ఒక్క వారం కూడా ఉపేక్షించకూడదు. కేన్సరు అని తేలితే ఇంక పేరంటాల్లో సలహాలు అడుగుతూ కూర్చోకూడదు. తీయవలసినవాళ్ళకి తీయవలసిందే.

మా చెల్లెలి సంగతి చెబుతాను. దానికి ముప్ఫయ్యెనిమిది, స్కూల్లో లెక్కల టీచరు. ఫైబ్రాయిడు వుందని స్కానింగులో తేలింది. ఆ మంచిచెయ్యి సర్జనుగారు కాగితం చూశారు, దాని మొహం కూడా చూడలేదు, మా మరిదితో "శుక్రవారం తీసేద్దామండీ, రెండురోజుల ముందు అడ్వాన్సు కట్టండి" అన్నారు. బల్ల మీద పడుకోవలసింది ఇది, తారీఖు మాత్రం మొగుడితో మాట్లాడుకుంటున్నారు! ఇది లెక్కల టీచరు కదా, ఊరుకోలేదు. "తీయకపోతే ఏమవుతుందండీ?" అంది. "మందులతో ప్రయత్నించకూడదా?" అంది. "అండాశయాలు వుంచుతారా?" అంది. మూడే మూడు ప్రశ్నలు. ఆయన కళ్ళజోడు తీసి, "డాక్టరు నువ్వా, నేనా?" అన్నారు.

డాక్టరు మీరే లెండి, ఎవరు కాదన్నారు? కడుపు మాత్రం దానిది.

రెండో అభిప్రాయానికి ఇంకో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడకి అంత పేరు లేదు, హాలు సగం ఖాళీ. మందులచీటీ వెనక బొమ్మ గీసి గడ్డ ఎక్కడుందో చూపించింది. తీస్తే ఏమిటో, వుంచితే ఏమిటో చెప్పింది. తొందరేమీ లేదు, మూడునెలలు బిళ్ళలు వాడి చూద్దాం అంది. మా చెల్లెలు రెండేళ్ళు అలా నెట్టుకొచ్చింది. ఆ తర్వాత గడ్డ పెరిగి, రక్తహీనత ఎక్కువయి, ఆవిడ దగ్గరే ఆపరేషన్ చేయించుకుంది కూడా. "మరి అప్పుడే చేయించుకుంటే పోయేదిగా!" అన్నాడు మా మరిది. పోయేది కాదండీ. అప్పుడు దానికి ఆపరేషన్ 'చేసేవారు'. ఇప్పుడు అది 'చేయించుకుంది'. ఆ రెంటికీ వున్న తేడా మా మరిదికి ఇప్పటికీ బోధపడలేదు.

మా మరిదికి బోధపడకపోయినా సుప్రీంకోర్టుకి బోధపడింది. సమీరా కోహ్లీ కేసని ఒకటుంది. 1995లో ఢిల్లీలో, నలభైనాలుగేళ్ళ పెళ్ళికాని స్త్రీ, కడుపులోకి గొట్టం పెట్టి పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకుంది. మత్తులో వుండగా డాక్టర్లు బయటికొచ్చి ఆవిడ తల్లిచేత ఒప్పించుకుని గర్భసంచీ, అండాశయాలూ అన్నీ తీసేశారు. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆవిడ ఓడిపోయింది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం, ప్రాణం మీదికి రానప్పుడు మెలకువ వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగవలసింది, తల్లి ఒప్పుకోలు చెల్లదు అంది. పరీక్షకిచ్చిన అంగీకారం కోతకి అంగీకారం కాదు అంది. డాక్టరుకి ఫీజు రాదని తేల్చి, పాతికవేలు నష్టపరిహారం ఇమ్మంది. పదమూడేళ్ళు తిరిగినందుకు పాతికవేలు! అయినా ఆ తీర్పు మనందరికీ పనికొచ్చింది. తల్లి సంతకమే చెల్లనప్పుడు, తెలివిగా కూర్చుని వున్న భార్య తరఫున మొగుడి సంతకం ఎందుకు అడుగుతున్నారో ఎవరైనా చెప్పండి. 2023 ఏప్రిల్‌లో కూడా, అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలన్నిటికీ సుప్రీంకోర్టు చెప్పింది.

డాక్టర్లకి కష్టాలు లేవని అనను. సెల్‌ఫోనులో నాలుగు ముక్కలు చదివి పరీక్ష పెట్టే రోగులున్నారు. తేడా వస్తే అద్దాలు పగలగొట్టే బంధువులున్నారు. ఇదివరకు ఆరెంపీలకి కమిషన్లు ఇవ్వకుండా ప్రాక్టీసు పెట్టిన వాళ్ళు ఈగలు తోలుకున్నారని వాళ్ళే చెబుతారు. నిజమే. కాని ఈ బాధలన్నిటికీ మా కడుపులు ఎందుకు జవాబు చెప్పాలి?

అంచేత నేననేదేమిటంటే, మన పేరంటాల కబుర్లు మానొద్దు. ఆడవాళ్ళ ఆసుపత్రి కబుర్లంటే మగవాళ్ళు నవ్వుతారు గాని, వాళ్ళ షేరుమార్కెట్ కబుర్లకంటే ఇవి నయం. కబురు మాత్రం మార్చండి. 'చెయ్యి మంచిది' అన్నావిడని వదలకండి. "మీరు ఏమడిగారు, ఆయన ఏం చెప్పాడు?" అనండి. ఆపరేషన్ కాకుండా ఇంకో దారి వుందని ఎవరికైనా చెప్పాడా, ఎవరినైనా వద్దని తిప్పి పంపించాడా, ఇంకో డాక్టరుకి చూపించుకుంటానంటే మొహం చిట్లించాడా, మత్తు ఇచ్చే డాక్టరు ముందురోజు వచ్చి మాట్లాడాడా, పొట్ట కోస్తాడా, కింది నుంచి తీస్తాడా, లాప్రోస్కోపీయా, ఎందుకని అదే ఎంచుకున్నాడు - ఇవీ కబుర్లంటే! తిప్పి పంపించిన డాక్టరు పేరు వెంటనే రాసుకోండి. వచ్చిన డబ్బుని వద్దని పంపించడం అంత తేలిక కాదు.

తీసేసిన తర్వాత కూడా అడగవలసింది ఒకటుంది. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారా, రిపోర్టు ఏదీ అని. ఎంతమంది దగ్గర ఆ కాగితం వుందో మీ ఇంట్లోవాళ్ళనే అడిగి చూడండి. నర్సింగ్ హోము వాళ్ళు బల్బులో వేసిన వస్తువులా ఒక సీసాలో చూపించి, "ఇదుగోనండీ తీసింది" అంటే చేతులు జోడించి వచ్చేస్తాం. ఆ సీసా తర్వాత ఎటు పోయిందో! రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ వారి 2002 నియమావళిలోనే వుంది. నోటితో అడిగితే రేపు రమ్మంటారు. కాగితం మీద రాసి, తారీఖు వేసి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర వుంచుకోండి.

మా చెల్లెలు అలాగే తెచ్చుకుంది. అండాశయాలు వుంచినట్టు డిశ్చార్జి చీటీలో స్పష్టంగా రాయించుకుంది, బయాప్సీ రిపోర్టు దాని వెనక కుట్టింది. ఆ ఫైలు బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకుంది. మొన్న మా మరిది కరెంటు బిల్లులు కూడా అందులోనే దాచబోతే తీసి బయట పడేసిందట.