మొదటి పాఠం కొబ్బరికాయతో మొదలుపెడదాం

మన బడుల్లో డ్రాయింగు అంటే ఇప్పటికీ ఒక బొమ్మను చూసి ఇంకో బొమ్మ వేయడమే. బోర్డు మీద టీచరు గీసిన రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన పూరిల్లు. ఈమధ్య వాటి స్థానంలోకి ఫోనులో కనిపించే హీరో ముఖం వచ్చింది. ఎవరి బొమ్మ మూలానికి దగ్గరగా ఉంటే వాళ్ళకి చప్పట్లు. ఈ పద్ధతి మారాలి. పిల్లలు వేసే మొదటి బొమ్మ ఎదురుగా బల్ల మీద పెట్టిన వస్తువుదే కావాలి. దాన్ని బొగ్గుతో వేయాలి.

నేను అల్లవరం మండలంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని. ఆదివారాలు అమలాపురం వెళ్ళి, ఉద్యోగ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాస్టారి దగ్గర బొగ్గుతో స్టిల్ లైఫ్ నేర్చుకుంటున్నాను. అక్కడ నేర్చుకున్నది నా తరగతిలోనూ చేయించి చూశాకే ఈ మాట అంటున్నాను.

మా పిల్లలకు కొబ్బరికాయ కొత్తేమీ కాదు. దింపు తీసే నాన్నలు, గునపం మీద కాయలు ఒలిచే మావయ్యలు, పీచు పనికి వెళ్ళే అమ్మలు ఉన్న ఇళ్ళవి. కొబ్బరికాయ వేయమంటే తరగతి మొత్తం గుండ్రంగా ఒక సున్నా చుట్టి, పైన పిలక పెట్టారు. తర్వాత ఒలిచిన కాయ ఒకటి తెచ్చి కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాను. చూసి వేయమన్నాను. కాసేపటికి ఒక పిల్లవాడు లేచి, "టీచరుగారండీ, దీనికి గట్లున్నాయండీ" అన్నాడు. అవును, పెంకు మీద మూడు గట్లు ఉంటాయి. పిలక కింది మూడు కళ్ళ దగ్గర మొదలై రెండో కొసకు చేరతాయి. ఆ గట్ల వల్లే కాయ బంతిలా కనిపించదు, ఒక్కో పక్క నుంచి ఒక్కోలా వెలుగు పట్టుకుంటుంది. మూడు కళ్ళలో మెత్తగా ఉండేది ఒక్కటే. మొలక వచ్చేది దాంట్లోంచే. ఆ పిల్లవాడి నాన్న రోజూ వందల కాయలు ఒలుస్తాడు. వాడి ఇల్లంతా కొబ్బరే. అయినా కాయను వాడు నిజంగా చూసింది ఆ రోజే. సైన్సు పాఠం, లెక్కల పాఠం, బొమ్మల పాఠం ఆ ఒక్క స్టూలు దగ్గరే జరిగాయి.

పెన్సిలు ఉండగా బొగ్గు ఎందుకని అడుగుతారు. పెన్సిలు చేతికి రాగానే పిల్లలు అంచు గీస్తారు. కాయ చుట్టూ ఒక గీత వచ్చేస్తే బొమ్మ అయిపోయిందనుకుంటారు. బొగ్గును అడ్డంగా పట్టుకుని రాస్తే గీత రాదు, నీడ వస్తుంది. ముందు కాగితమంతా బొగ్గు పులిమి, గుడ్డతో రుద్ది బూడిదరంగు చేయిస్తాం. కాయ మీద వెలుతురు పడ్డ చోట తుడిచేస్తారు. చీకటి ఉన్న చోట ఇంకాస్త నలుపు వేస్తారు. రబ్బరు రాకముందు యూరప్ చిత్రకారులు రొట్టె ముక్కతోనే తుడిచేవారు. మా పిల్లలు బ్రెడ్డును ముద్ద చేసి అదే పని చేస్తారు. బొగ్గు పొడి కాగితం పైపైనే నిలుస్తుంది కాబట్టి తేలిగ్గా పోతుంది. తప్పు పడుతుందన్న భయం ఉండదు. భయం లేని చెయ్యి ధైర్యంగా కదులుతుంది.

"కళ్ళు చికిలించి చూడండమ్మా, చిన్నచిన్నవన్నీ పోతాయి. మిగిలిన నలుపు ముందు వెయ్యండి" అంటారు మా మాస్టారు. ఆయన చెప్పే పద్ధతి ఇంతే. పెద్ద ఆకారం ముందు, వివరం చివర. వెలుతురు ఒక వైపు నుంచే రావాలి. కోనసీమ మండువా లోగిళ్ళలో పై నుంచి దిగే వెలుతురు ఈ పాఠానికి ఎంతో అనువైనది. అక్కడ ఒక ఇత్తడి చెంబు పెడితే బల్ల మీద నీడ, చెంబు అడుగున బల్ల నుంచి తిరిగొచ్చే మసక వెలుగు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. నీడలో కూడా వెలుగు ఉంటుందని పిల్లలకు మాటలతో ఎంత చెప్పినా ఎక్కదు. చెంబు చూపిస్తుంది.

ఈ చదువు మనకు పరాయిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద మొదటి గీతలు గీసేది చింతపుల్లల బొగ్గుతోనే. నల్లరంగు, కలం తర్వాత వస్తాయి. మన గోదావరి ఒడ్డున చిత్రకళ పెరిగింది కూడా కళ్ళెదుట ఉన్నదాన్ని గీయడంతోనే. 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావును, అడివి బాపిరాజును ఆయనే ప్రోత్సహించారు. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళి చదువుకున్నారు. నమూనాను ఎదురుగా పెట్టుకుని గీయడమే అక్కడి శిక్షణకు పునాది. మశూచి సోకి 1925లో ఆయన కన్నుమూసేనాటికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి మన బడుల నుంచి ఏటా విహారయాత్ర వెళ్ళాలని నా కోరిక.

ఖర్చు గురించి సందేహం అక్కర్లేదు. వేలి మందాన ఉన్న ఎండు చింతపుల్లలు మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పేర్చి, మూతకు మేకుతో ఒక చిల్లు పెట్టి, పొయ్యి మంటలో ఉంచితే చాలు. చిల్లులోంచి పొగ ఆగిపోతే బొగ్గు తయారైనట్టు. పూర్తిగా చల్లారాకే మూత తీయాలి, లేకపోతే గాలి తగిలి బూడిదవుతుంది. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. కొబ్బరి చిప్పల బొగ్గు దీనికి పనికిరాదు, గట్టిగా ఉండి కాగితాన్ని గీరుతుంది. కాగితం కాస్త గరుకుగా ఉండాలి. ముసురు రోజుల్లో మా తీరంలో కాగితం చెమ్మగిల్లుతుంది, బొగ్గు సరిగ్గా పట్టదు. ఎండ ఉన్న రోజు చూసుకుంటే సరిపోతుంది.

"పరీక్షల్లో లేనిది ఎందుకండీ, చేతులు నల్లగా చేసుకుని వస్తున్నారు" అని తల్లులు అంటారు. చేతుల నలుపు సబ్బుతో కడిగితే పోతుంది. కుదురుగా కూర్చుని ఒక వస్తువును అరగంట చూడగలిగిన పిల్ల, పాఠంలో లెక్కనూ అంతే ఓపికగా చూస్తుంది. ఫోను తెర మీద బొమ్మలు క్షణానికొకటి మారిపోతున్న ఈ కాలంలో అరగంట ఒకచోట నిలిచే చూపు చిన్న సంపద కాదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి పైగా పిల్లలున్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైం బోధకులు ఉండాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను తప్పనిసరి విషయంగా నేర్పాలని చెప్పింది. ప్రభుత్వం ఆ బోధకుల్ని నియమించాలి. డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై పని కోసం చూస్తున్నవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు.

నియామకాలు జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక పీరియడు డ్రాయింగుకు నిజంగా వదలండి. ఆ పీరియడులో బోర్డు మీద బొమ్మ వేయకండి. కిటికీ పక్కన ఒక కొబ్బరికాయ పెట్టండి, పిల్లల చేతికి తలా ఒక బొగ్గుముక్క ఇవ్వండి.