కొండమీద ఒక దర్శనం... బజుల్లా రోడ్డులో ఇంకొకటి!

“మద్రాసు వెళ్లొచ్చావుగా, ఎవర్ని చూశావు?”

ఒకప్పుడు నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా, మాచర్లలోనైనా మద్రాసు నుంచి వచ్చి బస్సు దిగినవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. మెరీనా బీచి చూశావా, హైకోర్టు చూశావా అని ఎవరూ అడగరు. ఎవర్ని చూశావు! చూశానని ఊరికే చెబితే నమ్మేదెవరు? రుజువు కావాలి. రంగురంగుల కాగితాలు కుట్టిన ఓ చిన్న పుస్తకం, అందులో ఓ వంకరటింకర సంతకం... అదే రుజువు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకిప్పుడు తెలుగు సినిమా అంటే హైదరాబాదు. మీ తాతగారి వయసులో అది మద్రాసు. వాహినీ, ఏవీయం స్టూడియోలు వడపళని వైపు. తారల ఇళ్లు ఎక్కువగా త్యాగరాయ నగర్లో. మన గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు సావిత్రి గారిల్లు హబీబుల్లా రోడ్డులో. ఎన్టీ రామారావు గారిల్లు బజుల్లా రోడ్డులో. అక్కడి పానగల్ పార్కు కూడా మన తెలుగు పెద్దమనిషి పానగల్ రాజా పేరు మీద వెలిసిందే. అంచేత తెలుగువాడికి ఆ పేట పరాయి ఊళ్లా ఉండేది కాదు.

పల్నాడు నుంచి అక్కడికి పోవడానికి దారులు రెండు. ఒకటి రైలు. మాచర్ల నుంచి మీటర్‌గేజి బండి గునగునా నడిచి గుంటూరు చేరేది. అక్కణ్ణించి తెనాలి వెళ్లి మద్రాసు బండి పట్టుకోవాలి. ఇది మగపిల్లల దారి. ఇంట్లో చెప్పి వెళ్లినవాళ్లూ ఉన్నారు, చెప్పకుండా ఉడాయించినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరు సంతకం కోసం కాదు, వేషం కోసం పోయారు. పాండీ బజారులో కాఫీ తాగి కడుపు నింపుకున్న ఆ కథలు వేరే సంచిక నిండా రాయాలి.

రెండోది తిరుపతి యాత్రా బస్సు. అసలు మజా అంతా ఇందులోనే ఉంది! చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, కాళహస్తి మీదుగా తిరుపతి. కొండెక్కి, తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని దిగాక బస్సు నరసరావుపేట వైపు తిరగదు. పుత్తూరు, నగరి మీదుగా మద్రాసు వైపు తిరుగుతుంది. పెద్దవాళ్లు మొక్కు కోసం ఎక్కిన బస్సు, పిల్లలు హీరో కోసం ఎక్కిన బస్సు... రెండూ ఒకటే. ఇంకో సంగతి గమనించండి. ఆ రోజుల్లో వయసొచ్చిన ఆడపిల్లను సినిమా తారలను చూడ్డానికి మద్రాసు పంపించే తండ్రి ఏ ఊళ్లో ఉంటాడు? దేవుడి పేరు చెబితే మాత్రం అమ్మమ్మ పక్కన సీటు ఖాయం!

మద్రాసులో మొదటి మజిలీ బజుల్లా రోడ్డే. రామారావు గారు కోడి కూయకముందే లేచే మనిషి. షూటింగుకి బయల్దేరేలోపు వాకిట్లో కొచ్చిన జనానికి కనిపించేవారు. వీధి పొడుగునా యాత్రా బస్సులు. బస్సులు దిగి గేటు ముందు నిలబడ్డవాళ్లలో సగం నున్నటి గుండ్లు, నుదుట నామాలు, చేతుల్లో లడ్డూ ప్రసాదం! మరి 1957లో ‘మాయాబజార్’లో కృష్ణుడు, 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో సాక్షాత్తూ ఏడుకొండలవాడు. కొండమీద రాతిమూర్తిని చూసి వస్తున్న వాళ్లకి, అదే దేవుడు పంచె కట్టుకుని ఎదురొచ్చి నమస్కారం పెడితే ఎలా ఉంటుంది చెప్పండి! పల్నాటివాళ్లకైతే ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1966 ‘పల్నాటి యుద్ధం’లో ఆయన బ్రహ్మనాయుడు. మాచర్ల చెన్నకేశవుడి గుడి, కారంపూడి వీర్ల గుడి ఉన్న నేల మీంచి వచ్చినవాళ్లకి ఆయన సినిమా నటుడిలా కాక ఊరిపెద్దలా కనిపించాడంటే ఆశ్చర్యం ఏముంది?

నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన ఒకరు ఆనాటి పుస్తకం ఇంకా దాచుకున్నారు. ఈమధ్య తెరిచి చూపించారు. ఒక పేజీలో సంతకం లేదు. తేదీ ఉంది, కింద ‘చూశాం’ అని ఆయన దస్తూరీతోనే ఉంది.

“ఇదేంటి బాబాయ్, సంతకం పెట్టించుకోలేదా?”

“యాడ పెడతార్రా, నాలుగు బస్సుల జనం! దణ్ణం పెట్టాడు. మేవూ పెట్టాం. ఆయన మా వంక చూశాడు. అది చాలదా ఏంది?”

నేనూ మాట్లాడలేదు. అయితే ఆ మాట మాత్రం వదలడం లేదు. మేం చూశాం అనలేదు, ఆయన చూశాడు అన్నాడు!

పల్నాడు దాటక్కర్లేని అవకాశమూ ఉండేది సుమండీ. నాగార్జునసాగరుకో, మాచర్ల పక్క ఎత్తిపోతలకో ఔట్‌డోర్ యూనిట్ వచ్చిందంటే చాలు, చుట్టుపక్కల సైకిళ్లన్నీ అటే. స్టూడియోలో గేటు దగ్గరే ఘూర్ఖా ఆపేస్తాడు. ఔట్‌డోర్లో మాత్రం లైటు కోసం, మబ్బు తొలగడం కోసం గంటలు గంటలు కాచుకోవాలి. హీరోగారు గొడుగు కింద మడతకుర్చీలో ఖాళీగా కూర్చుని ఉంటారు. పెన్ను పట్టుకుని వెళ్లాల్సింది సరిగ్గా అప్పుడే!

ఈ కిటుకు మనకొక్కరికే తెలుసనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది, అక్కడివాళ్లకి మనకి క్రికెట్ ఎంతో అదంత. అసలు పోటీలు మొదలయ్యే ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో 30 జట్లూ సాధన కోసం వెచ్చటి ఊళ్లకి చేరతాయి. 15 ఫ్లోరిడాకి, 15 ఆరిజోనాకి. చలిదేశపు అభిమానులు కార్లేసుకుని రోజుల తరబడి ప్రయాణం చేసి అక్కడికి పోతారు. గెలుపోటముల బెంగ లేని కాలం కాబట్టి ఆటగాళ్లు కంచె దగ్గరికొచ్చి, బంతి మీదో బొమ్మ మీదో సంతకం చేసి పోతుంటారు. అదీ ఎత్తిపోతల మడతకుర్చీ లాంటిదే!

ఇక 1982లో దారి తిరగబడింది. మార్చి 29న పార్టీ పెట్టిన రామారావు గారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథం చేసి, కొడుకు హరికృష్ణ డ్రైవరుగా ఊళ్ల మీదికి బయల్దేరారు. బజుల్లా రోడ్డుకి బస్సు కట్టించుకుని పోయిన జనం, ఇప్పుడు తమ ఊరి రోడ్డు పక్కన దీపాలు పట్టుకుని ఆయన కోసం కాచుకున్నారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి. రాజకీయ పండితులు వంద కారణాలు చెబుతారు, చెప్పనివ్వండి. ఇరవయ్యేళ్ల పాటు తెల్లవారుజామున గేటు దగ్గర పెట్టిన నమస్కారాల మాట కూడా ఆ లెక్కలో కలపాలంటాను నేను.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు ఒక జిల్లా, నరసరావుపేట దానికి ముఖ్య పట్టణం. హైదరాబాదు ఒక్క రాత్రి ప్రయాణం. దూరం తగ్గింది. కానీ దర్శనం? హీరోగారు పుట్టినరోజు నాడు గేటు మీంచి చెయ్యి ఊపితే ఊపినట్టు. ఫంక్షను పాసు దొరికితే అరమైలు దూరం నుంచి పెద్ద తెర మీద చూడ్డం. ఎదుటివాడి ఫోనులే తప్ప ఎదుటి మనిషి కనపడడు. మీరు ఆయన్ని చూస్తారు సరే, ఆయన మిమ్మల్ని ఎప్పుడు చూస్తాడు?

ఆ చూపు కోసం జరిగే తొక్కిసలాట తమాషా కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్లో ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. వాళ్లు చేసిన నేరమల్లా సినిమాకి వెళ్లడం!

అంచేత మన తారలకు ఈ కాలమ్ తరఫున ఒక విన్నపం. థియేటర్లకి హఠాత్తుగా రావద్దు. నెలకొక ఉదయం చెప్పండి. వరస, గేటు, గంట సమయం... అంతకుముందే పేర్లు రాసుకున్న వంద మంది. స్టేజీ వద్దు, డ్రోను కెమెరా వద్దు. ఒక బల్ల, ఒక పెన్ను ఉంటే చాలు. మాచర్ల కుర్రాడు వంతు వచ్చేదాకా నిలబడతాడు. వాడి తాత నిలబడ్డాడు కదా!