కుమారుని క్రొత్త మోటారుసైకిలు



దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు వంతెన నీడన పోవువారికి మోటారుసైకిళ్ల దుకాణములు తరచుగ కన్పట్టును. అద్దముల వెనుక, ఉరుకనున్న లేళ్లవలె ముందునకు వంగి పందెపు బండ్లు నిలిచియుండును. కళాశాల విద్యార్థుల చూపులు వానిపైననే. వెల చెల్లించుటకు మాత్రము తల్లుల గాజులు తాకట్టునకు పోవుచున్నవి. గాజులిచ్చు తల్లి దుకాణము గడప తొక్కకుండుట తగునా? వలదని కసరినంత మాత్రమున కోరిక మానదు. మిత్రుని బండిపై తీరును. కావున వెంటబోయి, చూచి కొనుటయే మేలని మా అభిప్రాయము.

మొదట పద్దు చూడవలెను. షోరూము ధర వేరు; జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, బీమా చేరిన పిదప బండి రోడ్డెక్కు ధర వేరు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల బండ్లపై జి.ఎస్.టి. నూటికి 18, అంతకు మించినచో 40. ఈ భేదమును కుమారునిచేతనే కాగితముపై లెక్క కట్టింపుడు. బీమా ఆ దుకాణముననే కొనవలెనను నిర్బంధము లేదు. 'హ్యాండ్లింగు' అను పద్దున్నచో దేనికని అడుగుడు. అది ప్రభుత్వపు పన్ను కాదు.

పిదప వెనుక సీటు చూడుడు. పందెపు బండ్లకు అది ఎత్తుగను, ఇరుకుగను ఉండును. పట్టుకొనుటకు పిడియు, పాదములకు ఆధారమును, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమైనను కప్పు రక్షణయు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది చెప్పుచున్నది. చీర కట్టువారమగు మనకు ఇది ముఖ్యము. సొగసు చెడునని బాలురు ఆ రక్షణను ఊడదీయింప జూతురు, ఒప్పుకొనకుడు. బండితోపాటు ప్రమాణములకు సరిపడు హెల్మెటు నీయవలెననియు ఆ నిబంధనలే చెప్పుచున్నవి. ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి పుచ్చుకొనుడు. వెనుక కూర్చుండువారికి రెండవది కొనుడు.

125 సి.సి. మించిన క్రొత్త బండ్లకు 2019 నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి. అకస్మాత్తుగ బ్రేకు వేసినను చక్రము బిగిసి జారకుండ అది కాపాడును. కాని వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన పిదప బండి నిలుచుటకు నాలుగింతల దూరము కావలెను. మా వారు బడిలో ఈ లెక్కను బల్లపై వ్రాసి చూపుదురు. రాత్రివేళ వీథి మలుపున బండి చప్పుడు వినబడువరకు గడియ వేయక కూర్చుండు తల్లులము మనము. తాళపుచెవి చేతికిచ్చుటకు ముందే ఆ లెక్కను కుమారునకు వినిపింతము.