గుడివాడ తర్వాతే బెర్లిన్

సెప్టెంబరు వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో మాండలిన్ శ్రీనివాస్ ఫోటో ఒకటి తిరుగుతుంది. కింద మామూలు వాక్యమే.. "మనవాడి గొప్పతనాన్ని మనకంటే ముందు విదేశాలు గుర్తించాయి" అని. అందరం ఓ దండం బొమ్మ పెట్టేసి తర్వాతి మీమ్‌కి వెళ్ళిపోతాం.

నాకు ఒళ్ళు మండేది ఆ వాక్యం దగ్గరే. ఎందుకంటే అది అబద్ధం. ఉప్పలపు శ్రీనివాస్ పాలకొల్లులో 1969లో పుట్టాడు. మొదటి కచేరీ 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో. 1981లో మద్రాసు. బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ 1983లో. తేదీలు వరసలో పెట్టడం రాని వాళ్ళమా మనం? గుడివాడలో కూర్చుని విన్నవాళ్ళని ఒక్క ఫార్వర్డుతో లెక్కలోంచి తీసేస్తున్నాం. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు అది తీగ మీద పలికించేవాడు. ఇదంతా బెర్లిన్‌లో జరగలేదు కదబ్బా!

అసలు అతను చేసిన పని ఎంత కష్టమో చూడండి. మాండలిన్ మీద స్వరం టక్కున మోగి టక్కున చచ్చిపోతుంది. కర్ణాటక సంగీతానికేమో ప్రాణం గమకంలో ఉంది, స్వరం ఊగాలి, జారాలి, నిలబడాలి. జంట తీగల్ని లాగి ఊపడం అంత తేలిక కాదు. అందుకని ఒంటి తీగలు వేసి, ఐదోది చేర్చి, ఎలక్ట్రిక్ చేసుకున్నాడు. వాయిద్యాన్ని మార్చాడు గానీ రాగాన్ని మార్చలేదు. జాజ్ ఉత్సవానికి వెళ్ళి కూడా కర్ణాటకమే వాయించాడు.

1994లో పీటర్ గాబ్రియల్ వాళ్ళ రియల్ వరల్డ్ కంపెనీ వేసిన 'రామ శ్రీరామ' కూడా కర్ణాటక సంగీతమే. మరుసటేడు అదే కంపెనీకి మైఖేల్ బ్రూక్ అనే ప్రయోగాల గిటారిస్టుతో కలిసి 'డ్రీమ్' చేశాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి. ముందు సొంత గొంతు, తర్వాతే జుగల్బందీ. మన ఆఫీసు యాన్యువల్ డేలో వీణ వెనకాల డ్రమ్స్ లూప్ పెట్టేసి ఫ్యూజన్ అంటారే, అది వేరే సరుకు.

ఈ చప్పట్ల పిచ్చి ఒక్క సంగీతానికే కాదు లెండి. మాది ఉదయగిరి. మా ఊరి చెక్క స్పూన్లు పట్టుకెళ్ళి చూపిస్తే హైదరాబాదులో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఫారిన్‌కి పంపిస్తారా ఇవి?" అని. అన్నం వడ్డించుకోడానికి బావుంటుందా లేదా అని ఒక్కరూ అడగరు.

నాతోపాటు చదివిన ఆత్మకూరు కుర్రాడు ఒకడున్నాడు. చర్చిలో గిటార్ నేర్చుకున్నాడు. వాడిప్పుడు వాయించేదానికి పేరు లేదు. మాటల్లేవు, తోడుగా ఎవరూ ఉండరు, ఒక్కోసారి ఐదు నిమిషాలు ఒకే తీగ మీద తిరుగుతాడు. నాకు అన్నీ నచ్చవు, నచ్చినవి మాత్రం రోజుల తరబడి చెవిలోంచి పోవు. మా కంపెనీ ఫంక్షన్‌లో వాడికి పది నిమిషాలు ఇప్పించా. మూడో నిమిషంలో చీటీ వచ్చింది, సినిమా పాట కొట్టమని. కొట్టాడు. ఈలలే ఈలలు. ఇంటికెళ్ళేటప్పుడు "ఏందన్నా, నన్నెందుకు పిలిచినట్టు?" అన్నాడు.

ఆత్మకూరులో అట్టాంటివాడికి ఉన్న దార్లు రెండు.. చర్చి, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా. ఆదివారం ఒకటి, ముహూర్తాలప్పుడు ఇంకోటి. రేపు వాడు ఏ ఆమ్‌స్టర్‌డామ్‌లోనో సోలో ఆల్బమ్ వినిపిస్తే మాత్రం ఆ చీటీ పంపినాయనే "మన నెల్లూరు కుర్రాడు" అని స్టేటస్ పెడతాడు, చూస్తూ ఉండండి.

"జనం అడిగేది సినిమా పాటలే కదా" అంటారు. ఇక్కడా, అమెరికాలోనూ మన సభలకి చందాలిచ్చేది మనమే, స్టార్ నైట్లు పెట్టించేదీ మనమే. పక్కన చిన్న గదిలో ఓ ముప్పై కుర్చీలు వేయిస్తే ఎవడొద్దన్నాడు? శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే పోయాడు, అతనికోసం ఇప్పుడు వేసే దండలు ఎవరికీ వినపడవు. ఈ ఏడాది ఆర్గనైజింగ్ కమిటీల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మా ఆత్మకూరోడికో, మీ ఊళ్ళో అలాంటి ఇంకొకడికో ముప్పావుగంట ఇవ్వండి. చీటీలు మాత్రం పంపకండి.